తల్లి వాసన

"కేసు వెడ్త. గా నర్సింగమ్మను ఠాణాల కూసోవెట్టకపోతే నా పేరు పరమేష్ కాదు."

దవాఖాన నుంచి ఇంటికి వచ్చినప్పటి నుంచి పరమేష్ ఈ మాటే అంటున్నాడు. అంటున్నాడే గాని కదలడం లేదు. గడపలో నిలబడి ఒక చెప్పు తొడుగుతాడు, విడుస్తాడు, మళ్ళీ తొడుగుతాడు. కోపం వచ్చిన మగవాడికి ఒంటిగది ఇల్లు ఎప్పుడూ ఇరుకే.

చౌటుప్పల్‌లో హైవే వెనక వరుసగా కట్టిన కిరాయి గదుల్లో చివరిది వాళ్ళది. మంచం మీద అతని తల్లి గుర్వమ్మ కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో రెండేళ్ళ మనవరాలు వర్షిత, పైన తిరుగుతున్న ఫ్యానును చూస్తోంది. నిన్న మధ్యాహ్నం ఆ కళ్ళు ఎంత పిలిచినా తెరుచుకోలేదు. "నిద్రమందు లాంటిదేదో లోపలికి పోయింది. ఎవరు పోశారో కనుక్కోండి" అని డాక్టరు చెప్పి, రాత్రంతా తన దగ్గరే ఉంచుకుని, పొద్దున పంపించాడు.

ఎవరు పోశారో కనుక్కోవడానికి భాగ్యలక్ష్మికి అంతసేపు పట్టలేదు. తను మందుగోలీల కంపెనీలో పనికి పోతే, పరమేష్ సరుకుల డీసీఎం బండి నడపడానికి పోతే, పొద్దంతా పిల్ల ఉండేది నర్సింగమ్మ దగ్గర. బస్టాండు వెనక గల్లీలో, తన ముందుగదిలో, పనికి పోయే తల్లుల పిల్లల్ని ఐదుగుర్ని చూసుకునే ముసలామె. ఇంకెవరు పోస్తారు? నిన్న ఆమె చేతుల్లోంచి పిల్లను గుంజుకుని దవాఖానకు పరుగెత్తి, డాక్టరు మాట విన్నాక మళ్ళీ పోయి గల్లీ అంతా వినేటట్టు తిట్టి వచ్చింది భాగ్య. అది చాలదన్నట్టు కంపెనీ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఏడ్చుకుంటూ మాట రికార్డు చేసి పెట్టింది. "నర్సింగమ్మ పిల్లలకు నిద్రమందు పోసి పండవెడ్తాంది. మీ పిల్లల్ని మీరు తెచ్చుకోండ్రి" అని. పొద్దుగూకేసరికి నర్సింగమ్మ ముందుగదిలో ఒక్క పిల్లా మిగల్లేదు.

"నువ్వన్న మాట్లాడవేంది?" అన్నాడు పరమేష్ భార్యతో.

"ఏం మాట్లాడాలె? మాట్లాడేదంత నిన్ననే మాట్లాడిన గద."

గుర్వమ్మ పిల్ల తల నిమురుతూ ఉంది. కబురు తెలియగానే కల్వకుర్తి దిక్కున్న ఊరి నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చింది. గొర్లను ముసలాయన ఒక్కడి మీద వదిలేసి వచ్చింది. వచ్చినప్పటి నుంచి పిల్లను ఒళ్ళోంచి దించలేదు. ఇప్పుడు తలెత్తి అంది.

"నాకొక్క ముచ్చట సమజైతలేదు. మందు పోసినామె, పిల్ల లేస్తలేదని తానే నా కొడుక్కు ఫోన్ జేస్తదా?"

"ఎక్కువ పోసింది. భయమైంది. చేసింది," అంది భాగ్య.

"ఏమో బిడ్డా. పిల్లకు అలవాటు చేసేందుకు నేను మూడు దినాలు ఆమె ఇంట్ల కూసున్న. బువ్వ తినవెట్టే తీరు జూసిన. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తది గద."

"అంటే నేను లేనిపోనిది అన్నట్టా?"

"గట్ల అన్ననా?"

"ఇంకెట్ల అన్నట్టు? నా పిల్ల సచ్చి బతికింది అత్తమ్మా. నువ్వు గా ముసలిదాని దిక్కు మాట్లాడుతున్నవ్."

గుర్వమ్మ మళ్ళీ పిల్ల తల నిమరసాగింది. అది భాగ్యకు మాటకన్నా ఎక్కువ గుచ్చుకుంది. తిట్టినా బాగుండేది. పరమేష్ రెండు చెప్పులూ విడిచి లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఠాణా సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

చివరికి అతనే అన్నాడు. "హైవే పక్కన కొత్త ప్లే స్కూల్ వెట్టిండ్రు. కెమెరాలున్నయంట. రేపు చూసొద్దాం."

---

ప్లే స్కూలు గేటుకు తాళం, తాళం పక్కన వాచ్‌మన్, వాచ్‌మన్ నెత్తి మీద కెమెరా. ఈ మూడూ చూసేసరికే పరమేష్‌కు సగం ధైర్యం వచ్చింది. లోపల గోడల నిండా బొమ్మలు. కుందేలును ఏనుగంత గీశారు, ఏనుగును కుందేలంత గీశారు. ఏదైతేనేం, రంగులు మాత్రం కళ్ళు చెదిరేటట్టున్నాయి.

పెద్ద టీవీ ముందు పిల్లలు వరుసగా కూర్చుని ఉన్నారు. అంతమందికీ ఒక్కతే ఆయా. వెనక వరుసలో ఒక పిల్లవాడు వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తున్నాడు. ఆయా లేచి వెళ్ళి టీవీ సౌండ్ పెంచి వచ్చింది.

మేడం చల్లటి గదిలో కూర్చోబెట్టి మాట్లాడింది. వర్షిత పేరు అడగలేదు. డైపర్ వేస్తారా, టాయిలెట్ చెప్తుందా అని అడిగింది.

"పండుకున్నప్పుడు పక్కన ఎవలుంటరు మేడం?" భాగ్య అడిగింది. ఇది అడగాలని రాత్రంతా అనుకుని వచ్చింది.

"కెమెరా ఉంటుందమ్మా. మీ ఫోన్లో ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు."

పరమేష్ భార్య వైపు చూశాడు, చూశావా అన్నట్టు.

"కంపెనీల ఫోన్ లోపలికి తీస్కపోనియ్యరు మేడం."

"మీ సార్ చూస్తారు కదా."

సార్ డీసీఎం నడుపుతూ హైవే మీద కూతురి నిద్ర చూస్తే ఎలా ఉంటుందో భాగ్య ఊహించింది గాని పైకి అనలేదు.

"ఏడిస్తే ఎత్తుకునేదెవలమ్మా?" గుర్వమ్మ మధ్యలో అంది.

మేడం నవ్వింది. "మా దగ్గర ఎత్తుకోవడం అలవాటు చెయ్యమమ్మా. వాళ్ళంతట వాళ్ళే ఊరుకోవడం నేర్చుకుంటారు. అన్నట్టు ఇంటి నుంచి బట్టలు, గుడ్డలు పంపకండి. ఇక్కడ ఉతికిన యూనిఫామే వేస్తాం."

గుర్వమ్మ ముఖం మారింది. "తల్లి చున్నీ ఒక్కటి పెట్టుకోనియ్యుండ్రి. ఉతకని చున్నీ. అది ముఖం మీదికి గుంజుకుంటే గాని మా పిల్ల కన్ను మూయది."

"ఉతకని బట్టా?"

"ఉతికితే తల్లి వాసన పోతది గదమ్మా. తల్లులు మేతకు పోతే గొర్రెపిల్లలు ఒక్కతీరుగ ఒర్రుతయి. తల్లి పండుకున్న జాగల పండవెడితే ఊకుంటయి. గట్లనే మా పిల్లకు నేనే అలవాటు చేసిన. నర్సింగమ్మ గూడ సరే అన్నది."

"ఇది గొర్రెల దొడ్డి కాదమ్మా," అంది మేడం. గొంతులో కోపం లేదు. పలక మీద తప్పు అక్షరం చెరిపినంత తేలిగ్గా అంది.

భాగ్యకు ఒళ్ళు భగ్గుమంది. అత్తతో నిన్నటి నుంచీ మాటల్లేవు. అయినా ఆ క్షణంలో లేచి పోదాం పదమని అత్త చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. ఎందుకంటే బయటికి పోతే పిల్లను పెట్టడానికి ఇంకో జాగా లేదు. అంగన్‌వాడీ మధ్యాహ్నానికే మూస్తారు. అత్త ఎల్లకాలం ఇక్కడ ఉండలేదు. ఎండలు ముదిరితే మందను కృష్ణ ఒడ్డుకు, ఆత్మకూర్ దిక్కు తోలుకుపోవాలి. ముసలాయన ఒక్కడి వల్ల కాదు.

"సోమవారం నుంచి తోలుకొస్తం మేడం," అన్నాడు పరమేష్.

ముగ్గురూ ఇంటి తొవ్వ పట్టారు. గుర్వమ్మ సంకలో ఉన్న వర్షిత బస్టాండు కాడికి రాగానే వెనక గల్లీ వైపు వేలు చూపించి, "నస్సమ్మ" అంది. పరమేష్ ఆగలేదు. పిల్ల మెడ తిప్పి ఆ గల్లీ మరుగయ్యేదాకా చూసింది.

---

"రేపు రాకుంటే నీ జాగల ఇంకొకల్ని పెట్టుకుంట," అని కాంట్రాక్టరు ఫోన్ చేయడంతో శనివారం పొద్దున భాగ్య కంపెనీ బస్సు ఎక్కింది.

బస్సులో పూజ పక్కన జరిగి జాగా ఇచ్చింది. ఇద్దరూ ఒకే లైనులో పని చేస్తారు. పూజ కొడుకు కూడా మొన్నటిదాకా నర్సింగమ్మ దగ్గరే ఉండేవాడు.

"నువ్వు చెప్పకపోతే మా పిలగాన్ని ఇంక ఆడనే వదిలేద్దును అక్కా. నాకు ముందటి సంది డౌటే."

"డౌటుంటే ఎందుకు చెప్పలే?"

పూజ తడబడింది. "డౌటంటే... డౌటని గాదు. మనిషి మరీ మంచిగుంటది గద, అందుకు."

ఒక మనిషి మీద పడ్డ నింద ఎలా పెరుగుతుందో చూడాలంటే ఇలాంటి బస్సెక్కాలి. ముందు సీటు ఆమె ఒకటి అంది, వెనక సీటు ఆమె ఇంకొకటి కలిపింది. దిగేసరికి నర్సింగమ్మ ఎప్పుడో ఏదో దవాఖానలో మందులు దొంగిలించిన మనిషి కూడా అయిపోయింది. భాగ్య వింటూ కూర్చుంది. మొదటి మాట తనదే గనక, మిగతావి కాదనడానికి నోరు రాలేదు.

పనిలో పడితే ఏమీ గుర్తుండదు. పీపాల్లోంచి గోలీలను తొట్టిలోకి వంచాలి, విరిగినవి ఏరాలి, డబ్బాలకు ఎత్తాలి. వంచినప్పుడల్లా తెల్లటి పొడి లేస్తుంది. నెల మొదట్లో ఇచ్చిన మాస్కులు ఎప్పుడో పీలికలయ్యాయి. అందరిలాగే భాగ్య కూడా చున్నీని ముక్కుకూ నోటికీ గట్టిగా చుట్టుకుంది. సాయంత్రం బట్టలు మార్చుకుని చేతులూ ముఖమూ కడుక్కుని పోవాలని రూలు ఉంది. అంతమంది ఆడవాళ్ళకు నల్లా ఒక్కటే ఉంది. బస్సు హారన్ కొట్టేసరికి కడుక్కున్నవాళ్ళు కడుక్కున్నట్టు, లేనివాళ్ళు లేనట్టు పరుగెత్తారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సంతా కునుకు పట్టింది. పూజ భాగ్య భుజం మీద తల వాల్చింది.

"గీ కొత్త గోలీలు వచ్చినప్పటి సంది మస్తు నిద్దరొస్తాంది అక్కా," అంది కళ్ళు మూసుకునే.

భాగ్య కూడా ఆవులించింది. దవాఖానలో నిద్ర లేదు కదా, అందుకే అనుకుంది.

---

గడపలో కాలు పెట్టగానే గుర్వమ్మ ముఖం చూసి భాగ్య మంచం దగ్గరికి ఉరికింది.

పిల్ల మంచం మీద వెల్లకిలా పడి ఉంది. నోటి చివర చొంగ. గుర్వమ్మ తడిగుడ్డతో ముఖం తుడుస్తోంది. పరమేష్ అప్పుడే బండి దిగి వచ్చినట్టున్నాడు, వంగి "వర్షూ, వర్షూ" అని పిలుస్తున్నాడు. పిల్ల కళ్ళు సగం తెరిచి, మళ్ళీ మూసింది.

"ఏం పెట్టినవ్?" అంది భాగ్య.

"పప్పన్నం బిడ్డా. ఇంత సల్ల."

"ఇంకేం పెట్టినవ్?"

"ఇంకేం లే."

"కల్లు పోసినవా?"

పక్కగదిలో కుక్కర్ విజిల్ వేసింది.

నిరుడు ఊళ్ళో పిల్లకు జ్వరం వస్తే ఇంత ఈతకల్లు నాలుకకు రాస్తే తగ్గుతుందని గుర్వమ్మ అన్న మాట వాస్తవమే. భాగ్య వద్దంటే ఆమె రాయని మాటా వాస్తవమే. రెండో సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

"నిజం చెప్పమ్మా," అన్నాడు పరమేష్.

గుర్వమ్మ కోడలి మాటకు కాదు, కొడుకు మాటకు కూలబడింది. "నువ్వు గూడనారా?"

"ఒర్రకుండ పండుకుంటదని ఇంతంత పోసినవా అంటున్న."

"మల్లన్న సాచ్చి. పుట్టిన దినం గీ పిల్లకు నీళ్ళు పోసిన చేతులురా ఇవి. గీ చేతులతోని విషం పోస్తనా?" ఆమె ఏడవలేదు. చేతులు రెండూ ముందుకు చాపి వాటినే చూసుకుని, కోడలి వైపు తిరిగింది. "నువ్వు పోయినంక అమ్మ అమ్మ అని ఒక్కతీరుగ ఏడ్చింది. ఏం జేయాల్నో తెల్వక, గోడ మొలకు ఉన్న నీ చున్నీ తీసి కప్పిన. నర్సింగమ్మ ఇంట్ల లెక్కనే. కొస నోట్ల వెట్టుకొని చీక్కుంట చీక్కుంట పండుకున్నది. గంతే. గంతకన్న ఏం చేసినా నా కండ్లు పోవాలె."

భాగ్య చూపు మంచం మీదికి పోయింది.

చున్నీ ఇంకా పిల్ల పిడికిట్లోనే ఉంది. పిల్ల లేవకుండా పడ్డ రోజు తను కంపెనీ నుంచి కట్టుకుని పరుగెత్తుకొచ్చి, దవాఖాన నుంచి వచ్చాక గోడ మొలకు తగిలించిన చున్నీ. కొస తడిసి ఉంది. భాగ్య పిడికిలి విడదీసి దాన్ని లాగింది. మడతల్లో పిండి పట్టినట్టు తెల్లగా ఉంది. వేలు తడిచేసి అద్ది నాలుక మీద పెట్టుకుంది.

చేదు. కొత్త గోలీలు వచ్చినప్పటి నుంచి పొద్దంతా తన పెదాల మీద ఉంటున్న చేదే. ఇప్పటికీ ఉంది.

రోజూ పొద్దున సంచిలో పెట్టి పంపింది తనే. వాసన పోతుందని ముందురోజుది తీసి, ఆ రోజు కట్టుకుని వచ్చింది మర్నాటికి పెట్టేది. పిల్ల దాన్ని చీకుతుందని తెలుసు. తన మీద ప్రేమ అనుకుని లోపల్లోపల మురిసిపోయింది కూడా.

"బండి తియ్యి," అంది మొగుడితో. "దవాఖానకు పోదాం."

డాక్టరు చున్నీని చేత్తో ముట్టుకోలేదు. ప్లాస్టిక్ సంచిలో వేయించి మూతి కట్టించాడు. పిల్ల ఊపిరి చూశాడు, కళ్ళలో లైటు వేసి చూశాడు. ఆ తర్వాత భాగ్య ఒంటి మీది బట్టలు చూశాడు.

"ఇదే చున్నీ రోజూ నోట్లో పెట్టుకుంటుందా? ఇంకేం కావాలమ్మా! కంపెనీ బట్టలతో పిల్లను ఎత్తుకోవద్దని మీకు ఎవరూ చెప్పలేదా?"

చెప్పే ఉంటారు. గేటు లోపల గోడ మీద పెద్ద బోర్డు ఉంది. ఇంగ్లీషులో.

---

ఆదివారం పొద్దున పిల్ల లేచి పాలు తాగింది. ఇంట్లో ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు, కాని ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

భాగ్య బట్టలన్నీ బయట వేసి వేడినీళ్ళలో నానబెట్టింది. గుర్వమ్మ తన సంచి సర్దుకుంటోంది.

"యాడికి అత్తమ్మా?"

"ఊరికి పోత. మీ మామ ఒక్కడున్నడు."

"పిల్ల?"

"నా మీద వదలకు బిడ్డా. గొర్లు గాసే బుద్ధి నాది. మనుషుల పిల్లకు అదే జేసిన. కంపెనీ వాసన గూడ తల్లి వాసననే అనుకున్న."

నిన్న కల్లు పోసినవా అన్నది తను. తప్పయిందని అనాలి. నోరు అటువైపు తిరగలేదు. పిండుతున్న లంగాను ఇంకా గట్టిగా పిండింది.

"నర్సింగమ్మ కాడికి పోవాలె," అంది చివరికి.

పరమేష్ గడపలోంచి దిగ్గున తిరిగాడు. "ఎందుకు?"

"ఎందుకేంది? ఆమె ఏం చేయలే."

"చేయలే. ఒప్పుకున్న. ఇప్పుడు పోయి చెప్తే ఏమైతది? గా ముచ్చట గ్రూపుల పడ్తది. గ్రూపుల సూపర్‌వైజర్ గూడ ఉండె. కంపెనీ పొడితోని పిల్లకు గిట్లైందని నువ్వంటే రేపు నిన్ను గేటు కాణ్నే ఆపుతరు. ఊకో. ముసలామె నాలుగు దినాలు బాధపడ్తది, మర్చిపోతది."

"నువ్వైతే మర్చిపోతవా?"

అతను చెప్పు తొడిగి, మళ్ళీ విడిచాడు. గుర్వమ్మ సంచి కింద పెట్టి, "పోయి రా బిడ్డా," అంది. "పిల్లను గూడ తోలుకపో. ఆమె కండ్ల వడనియ్యి."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ సంగతి బస్టాండు వెనక గల్లీ మలుపు తిరిగేదాకా భాగ్యకు పూర్తిగా అర్థం కాలేదు. నాలుగు రోజుల కింద తను తిట్టింది విన్న ఆడవాళ్ళే ఈ రోజూ గడపల్లో కూర్చుని ఉన్నారు. ఒకామె పిల్లను చూసి, "పానం మంచిగైందా? అయ్యో పాపం, గా ముసల్ది ఎంత పని జేసె!" అంది. భాగ్య తలొంచుకుని నడిచింది.

నర్సింగమ్మ ఇంటి తలుపు తెరిచే ఉంది. పొద్దంతా తెరిచి ఉంచడం ఆమె పట్టింపు. ఏ తల్లి ఎప్పుడొచ్చినా తన పిల్లను చూసుకోవాలనేది. ముందుగదిలో చాపలు చుట్టి గోడకు నిలబెట్టి ఉన్నాయి. నేల మీద కూర్చుని ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. ఒక్క మనిషికి సరిపోయేన్ని ఉన్నాయి చాటలో.

"పెద్దమ్మా."

నర్సింగమ్మ తలెత్తింది. పిల్లను చూసింది. పాదాల నుంచి నెత్తి దాకా చూసింది, ఏమీ తక్కువ కాలేదని తేల్చుకున్నట్టు. తర్వాత తల దించుకుంది.

"ఏం కావాలె మేడం?"

ఇన్ని నెలల్లో బిడ్డా అని తప్ప పిలవని మనిషి. భాగ్య పిల్లను ఇంకో సంకకు మార్చుకుంది. చెప్పడం మొదలుపెట్టింది. గోలీల పొడి, చున్నీ, అత్త అలవాటు చేసిన పద్ధతి, నిన్నటి సాయంత్రం, డాక్టరు మాట. ముందుది వెనక, వెనకది ముందు చెప్పింది.

నర్సింగమ్మ చివరిదాకా విన్నది. "పొద్దుగాల సంచిల వెట్టిచ్చే చున్నీనా?"

"ఆఁ."

"రోజు నేనే కప్పిన గద. మంచిగ చీకుతాంది, పండుకుంటదని కొస నేనే చేతికిచ్చిన." చాటలోని చెయ్యి ఆగిపోయింది. "రామ రామ!"

"నీ తప్పేం లేదు పెద్దమ్మా. నన్ను మాఫ్ చెయ్యి. నీ కాళ్ళు మొక్కుత."

వంగబోతున్న భాగ్యను ఆమె చేత్తో ఆపింది. "తిట్టింది గల్లీల. మొక్కుడు నాలుగ్గోడల నడుమనా?"

భాగ్య వంగిన చోటే ఆగిపోయింది.

"ఫోన్ల అందరికి చెప్పినవంట గద. గిది గూడ చెప్పినవా?"

"చెప్త... చెప్తే కంపెనీల..."

"ఆఁ. నీ నౌకరి పోతది." నర్సింగమ్మ చాట పక్కకు జరిపింది. గొంతు పెంచలేదు. "నాది పోయింది."

బయట ఆడవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. ఇప్పుడు వెనక్కి తిరిగి నాలుగు మాటలు వాళ్ళకు గట్టిగా చెప్తే సరిపోతుంది. భాగ్యకు అది తెలుసు. కాని కంపెనీ గేటు దగ్గర ఆపేసే వాచ్‌మన్ కళ్ళ ముందు కనబడుతున్నాడు, సోమవారం నుంచి పిల్ల కూర్చోబోయే టీవీ గది కూడా కనబడుతోంది. మాట బయటికి రాలేదు.

ఇంతలో వర్షిత తల్లి సంకలోంచి జారి కిందికి దిగింది. తప్పటడుగుల పరుగుతో పోయి నర్సింగమ్మ మోకాళ్ళ ముందు నిలబడింది. రెండు చేతులూ పైకెత్తింది.

"నస్సమ్మా, ఎత్తుకో!"

నర్సింగమ్మ చేతులు లేచాయి. పిల్ల చంకల దాకా వచ్చి గాలిలోనే ఆగిపోయాయి. వాటిని వెనక్కి తీసుకుని కొంగు కింద దాచుకుంది.

"తోలుకపో," అంది. "నీ పిల్లను నేను ముట్ట. రేపు ఉత్తగ జరమొచ్చినా నా పేరే లేస్తది. కుండ మూతికి వాసెన గుడ్డ కడ్తరు గని, లోకం మూతికి ఎవలు కడ్తరు?"

"పెద్దమ్మా, ఒక్కసారి..."

"తోలుకపో అంటున్న గద!"

భాగ్య పిల్లను లాక్కుని గడప దాటింది. వెనక తలుపు మూసుకుంది. పొద్దంతా తెరిచి ఉండే ఆ తలుపుకు లోపల గడియ పడింది.

వర్షిత ఏడుస్తుందనుకుంది భాగ్య. ఏడవలేదు. ఇది ఆట అనుకుంది. తల్లి చెయ్యి విడిపించుకుని మళ్ళీ తలుపు దగ్గరికి పోయి, సందుకు ముఖం ఆనించి "బూ!" అంది. జవాబు కోసం చెవి పెట్టి విన్నది.

లోపల నర్సింగమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. కొంగు నోట్లో కుక్కుకున్నా చప్పుడు ఆగడం లేదు. భాగ్యకు స్పష్టంగా వినబడింది. పిల్లకు అది నవ్వులా వినబడిందేమో, చేతులు చరుచుకుని తనూ గట్టిగా నవ్వింది.